పల్లావరం గుట్ట పక్కన ఇల్లు కొన్నాం. తవ్వకాల వల్ల అక్కడ బతికేవాళ్లకు ఏం ఒరుగుతుంది?

పల్లావరం రమణ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి, 2007లో జమీన్ పల్లావరంలో చిన్న ఇల్లు కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డాం. పెద్దవాడికి పెళ్లయింది. పైన ఒక గది, వంటిల్లు వేద్దామని ప్లాన్ గీయిస్తే ఇంజనీరు ఆపేశాడు. దగ్గర్లో పురావస్తు స్థలం ఉంది, అనుమతి లేకుండా ఇటుక పెట్టకూడదన్నాడు. ఏడాదిన్నరగా తిరుగుతున్నాను. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడ అడిగితే మళ్లీ మొదటి చోటికే. ఈ టెన్షన్‌తో మా ఆవిడకు నిద్ర పట్టడం లేదు. కొడుకూ కోడలూ హాల్లో పడుకుంటున్నారు.

మొన్న మా చిన్నవాడు స్కూల్ ప్రాజెక్టు కోసం చదువుతూ, "నాన్నా, మన దేశంలో పాత రాతియుగపు పనిముట్టును మొదట గుర్తించింది మన పల్లావరంలోనే! 1863 మే 30న, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన" అని పరుగెత్తుకొచ్చాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. పదహారేళ్లకు పైగా ఇక్కడే ఉంటున్నాను, ఆ సంగతి చెప్పే ఒక్క బోర్డు నా కంట పడలేదు. నాకు తెలిసినదల్లా "కట్టకూడదు" అన్న మాటే.

కోపంతో అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఈ తవ్వకాల వల్ల ఆ నేల మీద ఉండేవాళ్లకు ఏమైనా మేలు ఉందా?

తవ్వకాల విద్యార్థి · శనివారం రాత్రి 10:25

రమణ గారూ, నేను ఆర్కియాలజీలో ఎం.ఏ. చేస్తున్నాను. మీ అబ్బాయి చెప్పింది నిజం. ఫుట్ భూగర్భ శాస్త్రవేత్త. పల్లావరం కవాతు మైదానం దగ్గర కంకర గొయ్యిలో చెక్కిన రాయి ఒకటి చూసి, ఇది మనిషి చేతి పని అని గుర్తుపట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కం కనిపెట్టారు. అక్కడ 1999 నుంచి పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు గారి బృందం తవ్వింది. అక్కడ దొరికిన చేతిగొడ్డళ్లలో, అంటే చేత్తో పట్టుకునేలా చెక్కిన రాతి పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో ప్రకటించారు. చెన్నై నుంచి 60 కిలోమీటర్లు, కొసస్తలైయార్ ఒడ్డున. అంటే చెన్నై కథ ఇంగ్లీషువాళ్ల సెయింట్ జార్జి కోటతో మొదలు కాలేదు.

మీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కీళడిలో చూసింది చెప్తాను. మధురైకి పన్నెండు కిలోమీటర్ల దూరం. 2014-15లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున అమరనాథ్ రామకృష్ణ గారు తవ్వకాలు మొదలుపెట్టారు, 2018 నుంచి తమిళనాడు పురావస్తు శాఖ కొనసాగిస్తోంది. ఒక సీజన్‌లో మా కాలేజీ నుంచి కొన్ని వారాలు వెళ్లాం.

అక్కడంతా కొబ్బరి తోటలు, సొంత పట్టా భూములు. రైతు ఒప్పుకుంటేనే గుంత పడుతుంది. పని అయ్యాక పూడ్చి నేల తిరిగి అప్పగిస్తారు. తవ్వేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. మేం పుస్తకంలో చదివిన "పొర మారడం" ఆ అక్కలకు వేలికొసల్లో తెలుస్తుంది. ఒకామె తాపీతో గీస్తూ గీస్తూ ఆగిపోయి, ఇక్కడ మట్టి గుల్లగా ఉంది, బావి అయి ఉంటుంది అంది. రెండు రోజుల్లో ఒరల బావి అంచు బయటపడింది. ఆ సాయంత్రం ఆమె కూతుర్ని తీసుకొచ్చి, "ఇది నేను కనిపెట్టింది" అని చూపించింది. ఆ మాట నేను మర్చిపోలేను.

పెరంబూర్ మాస్టారు · శనివారం రాత్రి 11:02

బాబూ విద్యార్థీ, బాగా చెప్పావు. కీళడిలో 2023 మార్చిలో మ్యూజియం తెరిచారు, చెట్టినాడు ఇళ్ల పద్ధతిలో కట్టారు. అంటే దొరికిన వస్తువు దొరికిన ఊరికి దగ్గరలోనే ఉండిపోయింది. ఇది చిన్న విషయం కాదు. మా చిన్నతనంలో ఏం దొరికినా పెద్ద పట్నానికి వెళ్లిపోయేది.

రమణా, మీ గుట్ట సంగతి కూడా కొంచెం తెలుసుకో. అలెగ్జాండర్ రీ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో పల్లావరం దగ్గర కాళ్లున్న మట్టి శవపేటికలు బయటపెట్టారు. తొట్టిలా ఉంటుంది, కింద వరసగా పొట్టి కాళ్లు. ఇనుప యుగం నాటి సమాధులు అవి. మన పల్లెల్లో రాతి బండలు నిలబెట్టిన అలాంటి సమాధుల్నే "రాకాసి గుళ్లు" అంటాం, గుర్తుందా? మీ ఒంగోలు వైపు ఆ మాట నీకు తెలిసే ఉంటుంది.

పల్లావరం రమణ · ఆదివారం ఉదయం 6:50

తెలుసు మాస్టారూ. మా ఊరి బయట ఉండేవి. అటు వెళ్లొద్దని నాయనమ్మ బెదిరించేది. అవీ ఇవీ ఒకే రకం అని ఇప్పుడే వింటున్నాను.

వకీలు వాణి · ఆదివారం ఉదయం 8:15

రమణన్నా, ముందు ఇంటి సంగతి. పురాతన కట్టడాలను కాపాడే కేంద్ర చట్టాన్ని 2010లో సవరించారు. కేంద్ర రక్షణలో ఉన్న స్థలం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టుకోవచ్చు, కానీ ముందే అనుమతి కావాలి. రెండూ ఒకటి కాదు. మీ ఇల్లు ఎందులో పడుతుందో ఎవరైనా కొలిచారా? చాలామంది 300 మీటర్లూ నిషేధమే అనుకుని భయపడిపోతారు, దళారులు ఆ భయంతోనే డబ్బు గుంజుతారు. నిషేధిత భాగంలో ఉన్నా, 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంకొకటి. ఒక్కో స్థలానికి ప్రత్యేకంగా నిబంధనలు తయారు చేయాలని ఆ చట్టంలోనే ఉంది. ముసాయిదా పెట్టినప్పుడు ప్రజల అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. ఎంత ఎత్తు కట్టొచ్చు లాంటివన్నీ తేలేది అక్కడే. అలాంటప్పుడు వీధి మొత్తం కలిసి రాస్తే, ఒక్కరు రాసినదానికంటే ఎక్కువ వింటారు. కాగితాలు నాకు మెసేజ్‌లో పంపండి, ఫీజు ఏమీ వద్దు.

కేకే నగర్ ప్రసాద్ · ఆదివారం ఉదయం 9:05

నాకో సందేహం. మనకు వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లొస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం క్యూ కడతాం. ముందు వాటికి డబ్బు పెట్టాలి కదా? పాత కుండపెంకుల వల్ల ఎవరి కడుపు నిండుతుంది?

తవ్వకాల విద్యార్థి · ఆదివారం ఉదయం 9:30

ప్రసాద్ గారూ, నీళ్ల సంగతే తీసుకోండి. ఒకప్పటి చెరువు ఎక్కడ ఉండేది, కాలువ ఎటు పారేది, పాత ఊరు ఎందుకు మిట్ట మీదే ఉంది అన్నవి తెలియాలంటే పాత నేలను చదవాల్సిందే. వరద వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడ నిలిచాయో గుర్తు చేసుకోండి, చాలా చోట్ల అది పూడ్చేసిన చెరువే. రెండింటికీ పోటీ పెట్టనవసరం లేదు.

తడ శీను · ఆదివారం ఉదయం 11:48

కడుపు నిండే సంగతి నేను చెప్తాను. మాది తడ దగ్గర. మా పిన్ని వాళ్లు పులికాట్‌లో ఉంటారు. డచ్చివాళ్లు 1613లో గెల్‌డ్రియా కోట కట్టిన ఊరు. ఇప్పుడక్కడ కోట అంటే ముళ్లపొదలే. డచ్చి శ్మశానం మాత్రం బాగా ఉంది, వాకిలి దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడి గుడ్డలు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి. పళైయకాట్ లుంగీ అన్న పేరులో పులికాట్ ఇంకా బతికే ఉంది.

చెన్నై నుంచి ఆదివారం కార్లలో వస్తారు. శ్మశానం గేటు దగ్గర దిగుతారు, ఫోటో తీసుకుంటారు, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఊరికి ఒక్క రూపాయి మిగలదు, ఖాళీ నీళ్ల సీసాలు మిగులుతాయి. అదే ఊరి మనిషి ఎవరైనా పక్కనుండి, ఇది ఎవరి సమాధి, కోట ఎటు ఉండేది, మా ఇళ్లల్లో తాటాకు బుట్టలు ఎలా అల్లుతారు అని చూపిస్తే, వాళ్లు మూడు నాలుగు గంటలు ఉంటారు. అప్పుడు పిన్ని వాళ్లింట్లో రొయ్యల కూర, అన్నం తింటారు. బుట్ట కొంటారు. పడవెక్కుతారు. నేను కళ్లారా చూశాను. తేడా అంతా మనిషి ఎంతసేపు ఆగాడు అన్నదాంట్లో ఉంది. రాయి ఊరికే డబ్బు తేదు, రాయి గురించి చెప్పే మనిషి ఊరివాడైతేనే తెస్తుంది.

పెరంబూర్ మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:20

శీనూ, ఈ మాట వందసార్లు చెప్పాలి. బయటినుంచి వచ్చిన గైడుకు ఇస్తే ఆ డబ్బు కూడా సాయంత్రానికి చెన్నై తిరిగొస్తుంది.

గుంటూరు కోడలు · ఆదివారం మధ్యాహ్నం 2:10

మీరంతా మాట్లాడుతుంటే నేను ఆగలేకపోతున్నాను. మా అత్తవారిది అమరావతి. రాజధాని కాదు, పాత అమరావతి, కృష్ణ ఒడ్డున. స్తూపం ఉన్న దిబ్బను మా మామగారి తరం వాళ్లు దీపాలదిన్నె అనే అనేవారు. మూడేళ్ల కిందట అత్తయ్యను ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అమరావతి గ్యాలరీలో నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే ఫలకం ఉంది కదా, వీధిలో జనం బెదిరిపోతుంటారు, పక్కనే ఏనుగు మోకరిల్లి ఉంటుంది. దాని ముందు నిలబడి అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇవన్నీ మా ఊళ్లో ఉంటే నా మనవలు రోజూ చూసేవాళ్లు కదే" అంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు.

మేలు ఎవరికి జరిగింది అంటే నాకు అదే గుర్తొస్తుంది. రాళ్లు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. దిబ్బ మా ఊళ్లో ఉంది.

పెరంబూర్ మాస్టారు · ఆదివారం మధ్యాహ్నం 3:35

అమ్మాయీ, మీ అత్తగారి బాధ న్యాయమైనది. జరిగింది కూడా అంతే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టేటప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్లు తీయించారు. సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి ఫలకాలను మద్రాసుకు చేర్చారు. వాటిలో 121 రాళ్లు 1859లో ఓడలో లండన్ వెళ్లాయి. తర్వాత సివెల్, బర్జెస్, రీ తవ్వినవాటిలో ఎన్నో మన ఎగ్మోర్‌కు వచ్చాయి. ఈలోగా ఎన్ని పలకలు మెట్లయ్యాయో, ఎన్ని కాలి సున్నమయ్యాయో!

అయితే ఇంకో వైపు కూడా చూడు. మెకంజీ పక్కన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు పనిచేశారు. బొర్రయ్య ఇరవై ఆరేళ్లకే పోయాడు. వాళ్లు ఊరూరా మనుషుల్ని పంపి కరణాల చేత, పెద్దల చేత ఊరి చరిత్ర రాయించారు. అవే కైఫీయత్తులు. వాటిలో చాలా భాగం ఇక్కడ చెన్నైలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. మా తాతగారి ఊరి కైఫీయత్తు నేను అరవై రెండో ఏట చదివాను. చెరువు ఎవరు తవ్వించారో, ఏ కరువులో ఊరు ఖాళీ అయిందో అందులో ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. ఊరి మనిషి చేత చెప్పించి రాసిన చరిత్ర కాబట్టే అది ఇంకా మాట్లాడుతోంది.

సాఫ్ట్‌వేర్ సుధ · ఆదివారం సాయంత్రం 4:12

మాస్టారూ, మరి రాళ్లు వెనక్కి పంపాలంటారా, వద్దంటారా? నా మటుకు నాకు ఎగ్మోర్‌లో ఉండటమే మంచిదనిపిస్తుంది. నా లాంటి చెన్నై తెలుగువాళ్ల పిల్లలకు మన శిల్పం ముందు నిలబడే చోటు అదొక్కటే.

గుంటూరు కోడలు · ఆదివారం సాయంత్రం 4:30

సుధా, నీ పిల్లలకు చెన్నైలో వంద చోట్లున్నాయి. మా ఊరి పిల్లలకు ఆ దిబ్బే ఉంది.

సాఫ్ట్‌వేర్ సుధ · ఆదివారం సాయంత్రం 4:41

అక్కా, ఆ మాట నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

తవ్వకాల విద్యార్థి · ఆదివారం సాయంత్రం 5:20

ఒక్క ఉదాహరణ ఇస్తాను. నాగార్జునకొండ. ఆనకట్ట కడితే లోయ మొత్తం మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఇటుకకు ఇటుక విప్పి, నీళ్ల మధ్య దీవిగా మిగిలిన కొండ మీద, ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. వస్తువులు కొండ మీది మ్యూజియంలోనే ఉన్నాయి, కాబట్టి చూడాలంటే అక్కడికే పడవలో వెళ్లాలి. లోయలో ఇళ్లు వదిలి వెళ్లిన కుటుంబాలకు ఆ పడవ ప్రయాణం సరిపోదు, నాకు తెలుసు. అయినా ఎవరైనా అక్కడికి వెళ్లాలంటే ఇంకా ఆ నేలకే వెళ్తున్నారు. అమరావతికి ఆ అవకాశం తక్కువగా దక్కింది.

ముగ్గులక్క · ఆదివారం రాత్రి 8:05

నేను మైలాపూర్‌లో ఉంటాను, బట్టల మీద అద్దకం వేస్తాను. చదువు తక్కువ, కానీ నా బతుకులో సగం ఆ ఎగ్మోర్ గ్యాలరీయే నేర్పింది. అమరావతి స్తంభాల మీద పద్మాలు చూశారా? పూర్తి పద్మం, అరపద్మం, రేకుల వరసలు బయటికి పోయేకొద్దీ వెడల్పవుతాయి. పైన అడ్డరాయి మీద పొడవాటి పూలదండ, దాన్ని మనుషులు భుజాన మోసుకుపోతుంటారు, దండ పాములా వంపులు తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు కాగితం మీద గీసుకుంటే చేతికి రాలేదు. ఇంటికొచ్చి వాకిట్లో ముగ్గుగా వేశాను, వచ్చేసింది! చుక్కలు పెట్టి మెలిక తిప్పే చెయ్యి మనది కదా, ఆ శిల్పికి కూడా అదే అలవాటు ఉండి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ దండ వంపుతో నేను చీర అంచు అద్దుతాను. దిమ్మె చెక్కేది పెడన నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తాత. ఆయనకూ నాకూ, ఇద్దరు అమ్మాయిలకూ దానివల్ల పని దొరుకుతోంది. కొన్నవాళ్లు "ఈ డిజైన్ ఎక్కడిది" అని అడుగుతారు, ఎగ్మోర్ వెళ్లి చూడమంటాను. కొందరు నిజంగా వెళ్లి ఫోటో పంపుతారు. మన ఆంధ్ర ప్రభుత్వ చిహ్నంలో ఉన్న పూర్ణఘటం కూడా ఆ అమరావతి శిల్పం నుంచి వచ్చిందే. చిహ్నం మీద ఉంటే సరిపోదు, మన గుమ్మాల్లోకి రావాలి.

రమణ తమ్ముడూ, మీ అబ్బాయి ముఖం వెలిగిందన్నావు. దాన్ని ఆరనివ్వకు. వాడిని ఒకసారి ఎగ్మోర్ తీసుకెళ్లు. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లొచ్చు.

పల్లావరం రమణ · తర్వాతి ఆదివారం రాత్రి 9:15

అందరికీ ఒక మాట చెప్పాలని వచ్చాను.

వాణి చెల్లి చెప్పినట్టు సర్వేయర్‌ని పిలిపించి కొలిపించాను. మా ఇల్లు హద్దు నుంచి 100 మీటర్ల అవతల ఉంది. అంటే నిషేధంలో లేదు, నియంత్రిత భాగంలో ఉంది. ఇంతకాలం ఎవరూ ఆ తేడా చెప్పలేదు. అర్జీ మళ్లీ సరిగ్గా రాసి పెట్టాం. అనుమతి వస్తుందో రాదో తెలియదు. కానీ ఎక్కడ నిలబడ్డామో తెలిసింది, మా ఆవిడ రాత్రి కాస్త నిద్రపోతోంది. మా వీధిలో అందరికీ చెప్పాను. మా ఎదురింటి తమిళాయన ఇల్లు మాత్రం నిజంగానే 100 మీటర్ల లోపల పడింది. ఆయన ముఖం చూస్తే బాధేసింది. ఆయన పాత పత్రాలు వెతుకుతున్నారు, 1992 కంటే ముందు కట్టిన ఇల్లని చూపించడానికి. నిబంధనల ముసాయిదా సంగతి అందరం కలిసి కనుక్కుందామని అనుకున్నాం. అందులో ఒక సూచన కూడా రాస్తాం: మాకు ఆంక్షలు పెట్టేటప్పుడు, ఆ గుట్టను చూపించే పని, కాపలా పని మా వీధి పిల్లలకే మొదట ఇవ్వండి అని. శీను గారి మాట చదివాకే అది తోచింది.

ఈరోజు పిల్లవాడిని, ఎదురింటాయన మనవరాలిని ఎగ్మోర్ తీసుకెళ్లాను. కాళ్లున్న ఆ మట్టి పేటిక ముందు ఇద్దరూ నేల మీద కూర్చుని, కాళ్లెన్నో లెక్కపెట్టి బొమ్మ గీశారు. "ఇందులో పడుకున్నవాళ్లు మన వీధివాళ్లే కదా నాన్నా" అన్నాడు మావాడు. అవునన్నాను. మా నాయనమ్మ అటు వెళ్లొద్దన్న రాకాసి గుళ్లు గుర్తొచ్చాయి. ఈ పండక్కి ఊరెళ్తే వాటిని వాడికి దగ్గరుండి చూపిస్తాను.

ముగ్గులక్కా, ఒక కోరిక. పిల్లలిద్దరూ ఆ పేటిక బొమ్మను, చేతిగొడ్డలి బొమ్మను మా వీధిలో ముగ్గుగా వేయాలంటున్నారు. మా ఆవిడకు చుక్కల ముగ్గులే వచ్చు. వచ్చే ఆదివారం ఒక పూట రాగలరా?

ముగ్గులక్క · తర్వాతి ఆదివారం రాత్రి 9:40

వస్తాను తమ్ముడూ. పొద్దున్నే ఆరింటికి ఎండ రాకముందే మొదలుపెడదాం. పిండి, కావి నేను తెస్తాను. మీరు వీధి ఊడ్చి నీళ్లు చల్లి ఉంచండి. ఎదురింటాయన వాకిలి కూడా.